జెల్‌లోని ఖాళీలు: ప్రాగ్ కటకం, బోస్టన్ చర్మం

మనిషి శరీరంలో ఎముకలను, పళ్లను మినహాయిస్తే మిగిలిన కణజాలంలో ఎక్కువ భాగం జెల్ స్వభావం కలిగినదే. పొడవైన అణువుల గొలుసులు అక్కడక్కడ ఒకదానితో ఒకటి ముడిపడి వలగా ఏర్పడి, ఆ వల కళ్లలో ద్రవాన్ని జారిపోనీయకుండా పట్టి ఉంచినప్పుడు వచ్చే స్థితిని, పూర్తిగా ఘనమూ కాక పూర్తిగా ద్రవమూ కాక ఆకారాన్ని మెత్తగా నిలుపుకొనే ఆ స్థితిని, రసాయనశాస్త్రం జెల్ అంటుంది. పట్టి ఉంచిన ద్రవం నీరైతే అది హైడ్రోజెల్. కనుపాపకు ముందుండే పారదర్శకమైన పొరలో, అంటే కార్నియాలో, బరువును బట్టి చూస్తే నాలుగింట మూడు వంతులకు పైగా నీరే ఉంటుంది. చర్మపు లోపలి పొర, కీళ్లలోని మృదులాస్థి, కంటిగుడ్డును నింపే కాచరసం కూడా ఇదే కోవకు చెందినవి. అయినా 20వ శతాబ్దం సగం గడిచేదాకా, శరీరంలో పోయిన భాగానికి బదులుగా వైద్యులు అమర్చినవన్నీ దాదాపుగా గాజు, దంతం, లోహం, గట్టి ప్లాస్టిక్ వంటి నీరంటని పదార్థాలే. నీరు నిండిన పదార్థాన్ని నీరు నిండిన శరీరానికి అమర్చాలన్న ఆలోచన ప్రయోగశాలలో రూపుదిద్దుకొని డెబ్బై ఏళ్లు దాటింది. ఈ డెబ్బై ఏళ్ల చరిత్రలో పదార్థం ఏ రసాయనంతో తయారైందన్న ప్రశ్న ఎంత ముఖ్యమైనదో, దానిలోని ఖాళీలు ఎంత పెద్దవి, అవి ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయా లేదా అన్న ప్రశ్న అంతకంటే ముఖ్యమైనదిగా తేలింది.

రెండో ప్రపంచయుద్ధం నాటి వైద్యానికి ఆదర్శం జడత్వం, అంటే శరీరం గుర్తించి ప్రతిఘటించని నిశ్శబ్ద పదార్థం. బ్రిటిష్ వైమానిక దళ చాలకుల కళ్లలోకి విమానపు గవాక్షాల ప్లాస్టిక్ ముక్కలు గుచ్చుకొని, ఏళ్ల తరబడి ఉండిపోయినా కన్ను పెద్దగా వాచకపోవడాన్ని గమనించిన లండన్ నేత్రవైద్యుడు హెరాల్డ్ రిడ్లీ, 1949 నవంబరు 29న సెయింట్ థామస్ ఆసుపత్రిలో అదే జాతి ప్లాస్టిక్‌తో చేసిన కటకాన్ని శుక్లం తొలగించిన కంటిలో అమర్చాడు. ఆ ప్లాస్టిక్ పాలీ మిథైల్ మెథాక్రిలేట్. దాని అణువుల్లో నీటిని ఆకర్షించే భాగం లేనందువల్ల అది గాజులా గట్టిగా, పొడిగా ఉంటుంది. కంటి లోపల దానికి స్థిరమైన చోటు దొరికింది గాని, కంటిపైన పెట్టుకొనే కాంటాక్ట్ లెన్సుగా వాడినప్పుడు కథ వేరయింది. కార్నియాలో రక్తనాళాలు ఉండవు. దానికి కావలసిన ఆక్సిజన్‌లో ప్రధాన భాగం బయటి గాలి నుంచి కన్నీటి పొరలో కరిగి చేరుతుంది. ఆక్సిజన్‌ను దాదాపుగా పోనివ్వని గట్టి ప్లాస్టిక్ బిళ్ల దానిపై కూర్చుంటే, రెప్పపాటుకు లెన్సు కింద కొత్త కన్నీరు ఎంత ఆడితే అంతే ఊపిరి. రెప్పలకు ఒరుసుకొనే బాధ దీనికి అదనం.

అదే కాలంలో శస్త్రవైద్యులు మరో దారిలో స్పంజిని ప్రయత్నించారు. 1945లో అమెరికాలో జెలటిన్‌తో తయారైన స్పంజి శస్త్రచికిత్సలో రక్తం ఆపడానికి వాడుకలోకి వచ్చింది. జెలటిన్ అంటే చర్మంలోను, ఎముకలోను, స్నాయువుల్లోను ఉండే కొలాజెన్ అనే ప్రొటీన్‌ను ఉడికించి విప్పినప్పుడు వచ్చేది. చల్లారిన మేక కాళ్ల పులుసు గిన్నెలో గడ్డకట్టేది దానివల్లే. ఈ స్పంజి గాయంలో కారే రక్తాన్ని తన రంధ్రాల్లోకి పీల్చుకొని గడ్డకట్టడానికి ఆసరా ఇచ్చి, కొన్ని వారాల్లో శరీరపు ఎంజైములకు కరిగి మాయమవుతుంది. మాయమవడమే దాని గుణమని ఆనాడు ఎవరూ సిద్ధాంతం చేయలేదు. రక్తం ఆగితే చాలునన్నారు. 1949లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు గ్రిండ్లే, క్లాగెట్‌లు ఊపిరితిత్తిని తొలగించిన ఛాతీ ఖాళీని నింపడానికి పాలీ వినైల్ ఆల్కహాల్ స్పంజిని ప్రతిపాదించారు. నీటిని పీల్చి మెత్తబడే ఈ కృత్రిమ స్పంజి 1950లలో రొమ్ము పరిమాణాన్ని పెంచే శస్త్రచికిత్సకూ చేరింది. అక్కడ దాని గుట్టు బయటపడింది. కరగని స్పంజి రంధ్రాల్లోకి పీచుపదార్థాన్ని నేసే కణాలు చొరబడి, అక్కడ మచ్చ కణజాలాన్ని నింపి, ఆ మచ్చ సహజగుణం కొద్దీ ముడుచుకుపోగా, మెత్తగా పెట్టిన స్పంజి కుంచించుకొని గట్టి ముద్దగా మారింది. రంధ్రాలున్న పదార్థాన్ని శరీరం ఖాళీగా వదిలిపెట్టదని, అందులో ఏమి నిండుతుందో ముందే ఆలోచించకపోతే నిండేది మచ్చేనని చెప్పిన ఈ వైఫల్యం, తరువాత వచ్చిన చాలా విజయాల కన్నా ఎక్కువ నేర్పింది.

హైడ్రోజెల్ చరిత్రకు కేంద్రం ఆనాటి చెకోస్లొవేకియా రాజధాని ప్రాగ్. ఒటో విఖ్తెర్లే 1913 అక్టోబరు 27న మొరావియా ప్రాంతంలోని ప్రోస్త్యెయోవ్ పట్టణంలో పుట్టి, ప్రాగ్‌లో రసాయనశాస్త్రం చదివాడు. 1939 నవంబరులో నాజీ పాలకులు చెక్ విశ్వవిద్యాలయాలను మూసివేయడంతో అతడు జ్లీన్ పట్టణంలోని బాటా కర్మాగారపు పరిశోధనశాలలో చేరాడు. తెలుగు పట్టణాల్లో తరతరాలుగా చెప్పుల దుకాణాలుగా తెలిసిన బాటా ఆ ఊరిలో పుట్టిన సంస్థే. అక్కడ అతడు నైలాన్ జాతికి చెందిన సిలోన్ అనే కృత్రిమ దారాన్ని రూపొందించాడు. 1942లో గెస్టాపో అరెస్టు చేయగా కొన్ని నెలలు జైలులో గడిపాడు. యుద్ధానంతరం ప్రాగ్ విద్యాసంస్థలకు తిరిగి వచ్చి పాలిమర్ల రసాయనశాస్త్రానికి, అంటే చిన్న అణువులను వేల సంఖ్యలో గొలుసుగా కలిపి తయారుచేసే పదార్థాల శాస్త్రానికి, అక్కడ పునాది వేశాడు. 1952లో ఓలొమోత్స్ నుంచి ప్రాగ్‌కు వస్తున్న రైలులో, కంటికి అమర్చే టాంటలమ్ లోహపు సాధనాల గురించిన వ్యాసం చదువుతున్న ఒక వైద్యునితో మాటలు కలిసి, జీవకణజాలానికి లోహం కన్నా నీటిని పీల్చుకొనే పాలిమర్ నయమని విఖ్తెర్లే వాదించినట్లు అతని జీవితచరిత్రకారులు రాస్తారు. ఆ వాదనను ప్రయోగశాలలో పదార్థంగా మలచిన ఘనతలో సగం అతని సహాయకుడు ద్రాహొస్లావ్ లీమ్‌కు చెందుతుంది. విఖ్తెర్లే పేరు మారుమోగిన చోట లీమ్ పేరు అంతగా వినిపించకపోవడం ఈ చరిత్రలోని చిన్న అన్యాయాల్లో ఒకటి.

1953 నాటికి వారు తయారుచేసిన జెల్‌కు మూలపదార్థం హైడ్రాక్సీ ఇథైల్ మెథాక్రిలేట్. రిడ్లీ కటకపు ప్లాస్టిక్‌కు ఇది దగ్గరి చుట్టమే; అయితే దీని ప్రతి అణువు చివర ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన ఒక చిన్న జట్టు ఉండి నీటిని తనవైపు లాగుతుంది. గొలుసులను ఒకదానికొకటి బంధించే అడ్డుముడులు లేకపోతే పదార్థం నీటిలో మితిమీరి ఉబ్బి తన రూపం కోల్పోతుంది, అవి ఎక్కువైతే ఉబ్బే వీలు లేక పెళుసుబారుతుంది. లీమ్ తగిన కొలతలో ఆ ముడులు వేయగా, పొడిగా ఉన్నప్పుడు గాజులా గట్టిగా ఉండే పదార్థం నీటిలో నానితే తన బరువులో సుమారు 40 శాతం నీటిని నిలుపుకొని, వంగి, సాగి, పారదర్శకంగా నిలిచే జెల్‌గా మారింది. దీని వల కళ్ల వెడల్పు మిల్లీమీటరులో పది లక్షల వంతులకు కొన్ని రెట్లు మాత్రమే. నీటి అణువులు, ఉప్పులు, కరిగిన ఆక్సిజన్ ఆ కళ్ల గుండా సాగిపోతాయి. వాటికన్నా వందల రెట్లు పెద్దవైన బాక్టీరియాలు, వేల రెట్లు పెద్దవైన శరీరకణాలు లోపలికి రాలేవు. వెలుతురు తరంగాలకు సైతం ఆ ఖాళీలు మరీ చిన్నవి గనుక చెల్లాచెదురు కాకుండా నేరుగా సాగిపోతాయి, జెల్ స్వచ్ఛంగా కనిపిస్తుంది.

ఈ ఆవిష్కరణను ప్రపంచానికి చెప్పింది 1960 జనవరిలో 'నేచర్' పత్రికలో వెలువడిన రెండు పేజీల చిన్న వ్యాసం. జీవదేహంలో వాడదగిన ప్లాస్టిక్ తగినంత నీటిని నిలుపుకొనే నిర్మాణం కలిగి ఉండాలని, శరీరపు సాధారణ ప్రక్రియలకు చెక్కుచెదరకుండా ఉండాలని, పోషకాలను, వ్యర్థాలను తన గుండా పోనివ్వాలని విఖ్తెర్లే, లీమ్ అందులో సూత్రీకరించారు. మొదటిదీ రెండోదీ అప్పటి ఆలోచనలకు దూరమైనవి కావు. మూడోది మాత్రం జడత్వ ఆదర్శం నుంచి పక్కకు జరిగిన అడుగు: పదార్థం శరీరానికి అడ్డుగోడగా నిలవక, దారి కావాలన్నది దాని సారాంశం.

సూత్రం తేలినంత సులువుగా కటకం తయారు కాలేదు. రెండు ముక్కల మూసలో పోసి తీసిన లెన్సుల అంచులు చిరిగి గరుకుగా ఉండి కంటిని గీరేవి. వ్యర్థమయ్యేవే ఎక్కువ కావడంతో ఆరోగ్యశాఖ ఆ ప్రయత్నానికి మద్దతు ఉపసంహరించుకుంది. అప్పటికి విఖ్తెర్లే మరో దెబ్బ తిని ఉన్నాడు: 1958 నాటి రాజకీయ ప్రక్షాళనలో విద్యాసంస్థ నుంచి బహిష్కృతుడై, మరుసటి ఏడాది విజ్ఞాన అకాడమీ కొత్తగా నెలకొల్పుతున్న స్థూలాణు రసాయన సంస్థకు సంచాలకుడయ్యాడు. 1961 క్రిస్మస్ సెలవుల్లో అతడు ఇంట్లో, పిల్లలు ఆడుకొనే మెర్కుర్ లోహపు పలకల బొమ్మల పెట్టెతో, సైకిల్ డైనమోతో, ఇంటి గంటకు వాడే ట్రాన్స్‌ఫార్మర్‌తో ఒక యంత్రాన్ని జోడించాడు. తిరుగుతున్న చిన్న గిన్నె వంటి మూసలో ద్రవరూప మూలపదార్థాన్ని చుక్కలుగా వేస్తే, గిరగిర తిరిగే వేగానికి ద్రవం అంచులవైపు ఎగబాకి దాని పైభాగం నున్నని వంపు తీసుకుంటుంది, అదే భ్రమణంలో అది గట్టిపడితే లెన్సు వెలుపలి వంపు మూస వల్ల, లోపలి వంపు వేగం వల్ల ఏర్పడతాయి. రెండో మూసే లేదు గనుక చిరిగే అంచూ లేదు. కటకపు శక్తిని మార్చాలంటే తిప్పే వేగాన్ని మారిస్తే చాలు. డైనమో బలం చాలక తరువాత గ్రామఫోను మోటారు అమర్చారు. 1962 మొదటి నాలుగు నెలల్లో విఖ్తెర్లే, అతని భార్య లిండా ఇంట్లోనే సుమారు 5,500 లెన్సులు తయారుచేశారు. ప్రాగ్ నేత్రవైద్యుడు మాక్సిమిలియన్ డ్రైఫుస్ వాటిని రోగుల కళ్లపై పరీక్షించాడు. బొమ్మల పెట్టె యంత్రం గురించే ఎక్కువగా చెప్పుకోవడం వల్ల ఆ జెల్ పుట్టుక సరదా కథగా మారిపోయింది. అంతకుముందు ఎనిమిదేళ్ల రసాయన పరిశ్రమ లేకపోతే ఆ గిన్నెలో తిప్పడానికి ఏమీ ఉండేది కాదు.

1965లో చెకోస్లొవేకియా ప్రభుత్వ సంస్థలు ఈ పేటెంట్ హక్కులను అమెరికాలోని నేషనల్ పేటెంట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌కు ఇవ్వగా, మరుసటి ఏడాది ఆ హక్కులు రోచెస్టర్ నగరపు కళ్లద్దాల సంస్థ బాష్ అండ్ లాంబ్‌కు చేరాయి. అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ మెత్తని లెన్సును సాధనంగా గాక ఔషధంగా పరిగణించింది. నీటిని, నీటిలో కరిగినదాన్ని పీల్చుకొని కంటికి అందించే వస్తువును గాజుబిళ్లతో సమానంగా చూడలేమన్నది దాని ఉద్దేశం. ఔషధాలకు పెట్టే పరీక్షలన్నీ దాటి 1971 మార్చిలో అనుమతి లభించింది. పశ్చిమ దేశాల్లో లెన్సు కోట్ల డాలర్ల వ్యాపారమవుతున్నప్పుడు ఆవిష్కర్త స్వదేశంలో పదవి పోగొట్టుకొని ఉన్నాడు. 1968 ప్రాగ్ వసంతకాలపు సంస్కరణలను సమర్థించిన 'రెండు వేల మాటలు' ప్రకటనపై సంతకం చేసినందుకు, సోవియట్ సైన్యం ప్రవేశించాక, 1970లో అతన్ని సంచాలక పదవి నుంచి తప్పించారు. లెన్సు సంపాదన నుంచి అతనికి అందింది అతి స్వల్పం. కమ్యూనిస్టు పాలన పతనమయ్యాక 1990లో చెకోస్లొవక్ విజ్ఞాన అకాడమీ అధ్యక్షుడై, 1998 ఆగస్టులో మరణించాడు.

40 శాతం నీరు తెచ్చిన మేలుకు ఒక హద్దు ఉంది. అటువంటి జెల్‌లో ఆక్సిజన్ కదిలేది నీటి గుండానే గనుక, రెప్పలు మూసిన రాత్రివేళ అది చాలదు. లెన్సుతోనే నిద్రపోవడం 1980లలో అలవాటుగా మారినప్పుడు అమెరికాలో జరిగిన సర్వే ఫలితాలు 1989లో వెలువడ్డాయి: పగలు మాత్రమే పెట్టుకొనేవారిలో ఏడాదికి పది వేల మందికి సుమారు 4 మందికి కార్నియా పుండు వస్తే, రాత్రీ పగలూ ఉంచుకొనే రకం వాడినవారిలో ఆ సంఖ్య సుమారు 21. నీటికన్నా మెరుగ్గా ఆక్సిజన్‌ను పోనిచ్చే సిలికోన్‌ను జెల్‌తో కలిపిన లెన్సులు 1990ల చివర మార్కెట్లోకి వచ్చినా, లెన్సుతో నిద్రపోకూడదన్న వైద్యుల హెచ్చరిక నేటికీ చెల్లుతుంది.

ప్రాగ్ జెల్‌కు రెండో ముఖం కూడా ఉంది, అదే ఈ చరిత్రలో తక్కువగా తెలిసిన భాగం. మూలపదార్థాన్ని గట్టిపరిచే సమయంలోనే దానికి నీరు కలిపితే, ఆ నీరు సుమారు 45 శాతం మించినప్పుడు తయారవుతున్న గొలుసులు నీటి నుంచి విడిపోయి సన్నని బిందువులుగా పేరుకొని, ఒకదానికొకటి అంటుకుంటాయి. వాటి మధ్య నీటి కాలువలు మిగులుతాయి. ఫలితం గాజువంటి జెల్ కాక పాలవంటి తెల్లని స్పంజి. రసాయనం అదే, ముడులూ అవే, కలిపిన నీటి పాలు మాత్రం వేరు. ఖాళీల పరిమాణం వేల రెట్లు పెరిగి శరీరకణాలకు చోటిచ్చేంతగా మారుతుంది. చెక్ పరిశోధకులు 1960లలోనే ఈ స్పంజిని జంతువుల శరీరంలో పరీక్షించారు. గాయం తడిగా, కప్పి ఉంచితే పొడిగా వదిలినదాని కన్నా దాదాపు రెండింతల వేగంతో పైచర్మం పరుచుకుంటుందని 1962లో పంది పిల్లలపై నిరూపించి, నేటి జెల్ కట్లకు బాట వేసిన బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జార్జ్ వింటర్, 1969లో సింప్సన్‌తో కలిసి మరో వింత ప్రకటించాడు: పంది చర్మం కింద పెట్టిన ఈ స్పంజిలో సున్నం పేరుకొని, ఆపైన నిజమైన ఎముకే పెరిగింది. ఎముక కావలసిన చోట ఇది వరమే గాని మెత్తదనం కోసం పెట్టిన చోట ఇది ఉపద్రవం.

ఈ రెండు ముఖాలను ఒకే వస్తువులో కలిపిన ప్రయత్నం ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో జరిగింది. దెబ్బతిన్న కార్నియాకు బదులు పెట్టే కృత్రిమ కార్నియాలు ఎప్పుడూ అంచు దగ్గరే విఫలమయ్యేవి. ప్లాస్టిక్‌కు, కణజాలానికి మధ్య సందు మిగిలి, అందులోంచి ద్రవం కారి, సూక్ష్మజీవులు చేరి, చివరికి అమర్చినది ఊడిపోయేది. ట్రయాన్ కిరీలా బృందం మధ్యభాగం పారదర్శకమైన జెల్‌గా, చుట్టూ అంచు తెల్లని స్పంజిగా, రెండింటి వలలు హద్దు దగ్గర ఒకదానిలో ఒకటి అల్లుకొనేలా ఒకే రసాయనంతో 7 మిల్లీమీటర్ల బిళ్లను పోతపోసింది. కంటి కణాలు స్పంజి అంచులోకి పాకి దాన్ని కుట్టకుండానే కుట్టినట్లు బిగించాలి, మధ్యలోకి మాత్రం రాకూడదు. 1998లో మనుషులపై పరీక్షలు మొదలై, ఆల్ఫాకోర్ పేరుతో 2002లో అమెరికా అనుమతి పొందిన ఈ బిళ్ల సిద్ధాంతాన్ని రుజువు చేసింది గాని, బిళ్ల చుట్టూ కార్నియా కరిగిపోవడం, జెల్‌లో నిక్షేపాలు పేరుకోవడం వంటి సమస్యల వల్ల విస్తృత వాడుకకు నోచుకోలేదు.

శరీరకణాలను లోపలికి రానివ్వడమే గాక, వచ్చిన కణాలు పని పూర్తిచేశాక పదార్థమే తప్పుకోవాలన్న ఆలోచన వేరే ఊరిలో, వేరే అవసరంలోంచి పుట్టింది. విస్తారంగా కాలిన శరీరం రెండు విధాలుగా ప్రమాదంలో పడుతుంది: చర్మం లేని చోటునుంచి నీరు ఆవిరై కారిపోతుంది, సూక్ష్మజీవులు అడ్డులేకుండా లోపలికి చేరతాయి. కాలిన మృతచర్మాన్ని రోజుల తరబడి వదిలేయకుండా తొలినాళ్లలోనే కోసివేసి, వెంటనే కప్పాలన్న పద్ధతిని యుగొస్లావియాలోని మారిబోర్‌లో జోరా యాంజెకోవిచ్ 1970లో ప్రచురించిన పరిశోధన ద్వారా వైద్యలోకం ముందుంచింది. కప్పడానికి చర్మం ఏది? శరీరంలో సగానికి పైగా కాలినవారికి తమ సొంత చర్మం అంటుగట్టడానికి చాలదు. మృతుల చర్మాన్ని, పంది చర్మాన్ని శరీరం కొద్ది వారాల్లో తోసిపుచ్చుతుంది. బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి, ష్రైనర్స్ కాలిన గాయాల ఆసుపత్రుల్లో పనిచేసిన శస్త్రవైద్యుడు జాన్ బర్క్, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పాలిమర్లపై పనిచేసే గ్రీకు మూలాల ఆచార్యుడు ఇయాన్నిస్ యానస్‌ను ఈ ప్రశ్నతోనే ఆశ్రయించాడు.

వారు ఎంచుకున్న పదార్థాలు అంగడి సరుకులు: ఆవుల స్నాయువుల నుంచి తీసిన కొలాజెన్, సొరచేప మృదులాస్థి నుంచి తీసిన కాండ్రాయిటిన్ సల్ఫేట్ అనే నీటిని పట్టే చక్కెరల గొలుసు. ఈ రెండింటిని పలుచని ఆమ్లంలో కలిపితే చిక్కని గంజివంటి జెల్ వస్తుంది. దాన్ని గడ్డకట్టిస్తే లోపలి నీరు మంచు స్ఫటికాలుగా పెరుగుతూ కొలాజెన్ పీచును పక్కలకు నెట్టి పలుచని గోడలుగా ఒత్తుతుంది. ఆపైన గాలి తీసివేసిన పాత్రలో ఉంచితే మంచు కరగకుండానే నేరుగా ఆవిరైపోయి, స్ఫటికం ఉన్న చోటల్లా రంధ్రం మిగులుతుంది. నెమ్మదిగా చల్లబరిస్తే పెద్ద స్ఫటికాలు, పెద్ద రంధ్రాలు. త్వరగా చల్లబరిస్తే చిన్నవి. ఈ స్పంజి పైన పలుచని సిలికోన్ పొరను అతికిస్తే అది పోయిన పైచర్మంలా నీటిని ఆపి, సూక్ష్మజీవులను అడ్డుకుంటుంది. గాయంపై పరిచిన రెండు మూడు వారాల్లో రోగి సొంత రక్తనాళాలు, పీచునేసే కణాలు స్పంజిలోకి పాకి కొత్త లోపలి చర్మాన్ని నేస్తాయి, ఆవు కొలాజెన్ క్రమంగా కరిగిపోతుంది. అప్పుడు సిలికోన్‌ను ఒలిచి, రోగి శరీరంలోని మరోచోటినుంచి అతి పలుచగా తీసిన పైచర్మాన్ని అంటుగడతారు. పలుచగా తీసిన చోట త్వరగా మానుతుంది గనుక అక్కడే మళ్లీ తీసుకోవచ్చు, పెద్ద కాలినగాయాల్లో ఇదే ప్రాణాధారం.

1981లో బర్క్, యానస్ బృందం శరీరంలో 50 నుంచి 95 శాతం వరకు కాలిన పదిమంది రోగులపై దీని వాడుకను ప్రచురించింది. మొదట వారు వెతికింది ఊపిరి పోసుకొనే కట్టు మాత్రమే; దొరికినది అంతకన్నా లోతైనది. పెద్ద గాయం మానేటప్పుడు అంచులు లోపలికి లాగబడి ముడుచుకొని మచ్చ కావడం క్షీరదాల శరీరధర్మం. గినీపందులపై చేసిన ప్రయోగాల్లో ఈ స్పంజి ఆ ముడుచుకోవడాన్ని ఆలస్యం చేసిందని, ఆలస్యమైన చోట మచ్చకు బదులు చర్మంవంటి చర్మం పెరిగిందని యానస్ గమనించాడు. అయితే ఏ స్పంజైనా ఆ పని చేయలేదు. 1989లో ప్రచురించిన ఫలితాల ప్రకారం రంధ్రాల వెడల్పు సుమారు 20 నుంచి 125 మైక్రాన్ల మధ్య, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు నుంచి ఎనిమిదో వంతు మధ్య, ఉండాలి. కరిగే వేగం కూడా కొత్త కణజాలం పుట్టే వేగానికి సరిపోవాలి. రంధ్రాలు మరీ చిన్నవైతే కణాలు లోపలికి రాలేవు. మరీ పెద్దవైతే ఆ కణాలు పట్టుకోవడానికి గోడల విస్తీర్ణం చాలదు. మేయో స్పంజి మచ్చతో ఎందుకు గట్టిపడిందో నలభై ఏళ్ల తరువాత ఈ కొలతలు కొంత వివరించాయి: అది కరగలేదు, కణాలతో మాటా మంతీ జరపగల ఉపరితలమూ దానికి లేదు. బోస్టన్ స్పంజి 'ఇంటెగ్రా' పేరుతో 1996లో అమెరికా అనుమతి పొందింది. దానిలో పెరిగిన చర్మానికి వెంట్రుకల కుదుళ్లు, చెమట గ్రంథులు రావు. వేసవిలో చెమట పట్టని ఆ చర్మం కప్పిన రోగికి అది చిన్న లోపం కాదు.

ఈ స్పంజికి ప్రాణమైన కొలాజెన్ అణువు రూపం మొదట తేలింది మద్రాసులోనన్న సంగతి పాలిమర్ పరిశోధనల చరిత్రలో తరచుగా మరుగున పడుతుంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో 'నేచర్'లో కొలాజెన్ మూడు గొలుసుల పేట అని ప్రతిపాదించి, మరుసటి ఏడాది ఆ మూడూ తాడులా మెలి తిరిగి ఉంటాయని సవరించారు. గిండీలోని వారి ఆవరణకు పొరుగునే 1948లో నెలకొన్న కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ ఉంది. తోలును పదునుపెట్టడం అంటే రసాయనదృష్టితో కొలాజెన్ గొలుసుల మధ్య అడ్డుముడులు వేయడమే గనుక, చర్మకారుని గుంటలో తరతరాలుగా జరిగినదీ బోస్టన్‌లో స్పంజి త్వరగా కరిగిపోకుండా చేసినదీ మౌలికంగా ఒకే పని. ఆ సంస్థకు 1958 నుంచి 1971 దాకా సంచాలకుడిగా ఉన్నది తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. ఆ సంస్థలోనే తరువాతి కాలంలో గాయాలకు, కాలిన చర్మానికి కొలాజెన్ పొరల తయారీపై పరిశోధన సాగింది.

కన్ను, కొలాజెన్ రెండూ ఒకచోట కలిసింది హైదరాబాదులో. 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, హైదరాబాదు ఐఐటి, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, అంటే సీసీఎంబీ, శాస్త్రజ్ఞులు కలిసి, దానంగా వచ్చినా అంటుగట్టడానికి పనికిరాని మానవ కార్నియాల నుంచి కణాలను కడిగివేసి, మిగిలిన కొలాజెన్ సహిత పదార్థాన్ని జెల్‌గా మార్చి, దానితో పొరపొరగా ముద్రించే త్రీడీ యంత్రంపై కార్నియా తయారుచేసి కుందేలు కంటిలో అమర్చినట్లు 2022 ఆగస్టులో ప్రకటించారు. అందులో కృత్రిమ ప్లాస్టిక్ లేదు, జంతువుల సరుకు లేదు. వల మనిషిదే, రూపం యంత్రానిది. దానకార్నియాలు అవసరానికి చాలని దేశంలో ఇది సరైన దిశలో పడిన అడుగే గాని, కుందేలు కన్ను మనిషి కన్ను కాదు. విఖ్తెర్లే, లీమ్‌ల జెల్ తయారైన 1953కు, లెన్సుకు అమెరికాలో అనుమతి వచ్చిన 1971కి మధ్య పద్దెనిమిదేళ్లు. బర్క్, యానస్‌ల తొలి పదిమంది రోగులకు, ఇంటెగ్రా అనుమతికి మధ్య పదిహేనేళ్లు. ముద్రించిన కార్నియా రేపో మాపో ఆసుపత్రిలో దొరుకుతుందని వార్తాశీర్షికలు చెప్పినప్పుడు పాఠకులు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి. అప్పటిదాకా చూపు పోయినవారికి అందుబాటులో ఉన్న కార్నియా, చనిపోయినవారి కుటుంబాలు దానం చేసినదే.